పిలిచిన పలుకని పిల్లవాడు

"వానికి బుద్ధి చాలదు, అందుకే పిలిచినను పలుకడు" అని ఒక బాలుని గూర్చి ఇంటివారనుట మనము వినుచునే యుందుము. వానికి మేధోవైకల్యము నిజముగనే ఉండవచ్చును. కాని వాని చెవులనెవరైనను పరీక్షించిరా? డౌన్ సిండ్రోముతో పుట్టిన పిల్లలలో వినికిడి లోపము, దృష్టి లోపము మిక్కిలి తరచుగా కనబడును. వినికిడి యంత్రముతోనో కంటి అద్దములతోనో తీరదగిన కష్టమును సయితము బుద్ధిమీదనే మోపి ఊరకుండుట ఆ బిడ్డకు అన్యాయము. "వినబడినదో లేదో చెప్పలేడు గదా, పరీక్షయెట్లు?" అని సంశయింపనక్కరలేదు. బిడ్డ నోరు విప్పకుండనే వినికిడిని కొలుచు పరీక్షలు కలవు. నిద్రించుచున్న పసిపాపకును వానిని చేయుదురు.

సహాయక సాధనములనగా మూడుచక్రముల బండియు, చంకకఱ్ఱలును మాత్రమేయని పలువురి తలంపు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2016లో ప్రకటించిన 50 ముఖ్య సాధనముల పట్టికలో బొమ్మల పలకలు, మాత్రలను వేళవారీగా అమర్చు పెట్టెలు, వాడుక తేలికైన టెలిఫోనులు కూడ ఉన్నవి. వీనిలో బొమ్మల పలక కొననక్కరలేనిది. నొప్పి ఎచ్చటనో చెప్పలేని బాలిక తల గోడకు కొట్టుకొనును, చేయి కొరుకుకొనును, దానిని మొండితనమందురు. పంటి పోటో, చెవిలో చీమో ఎవరికి తెలియును? అట్టముక్కపై శరీరపు బొమ్మనంటించి, నొప్పియున్నచోట వ్రేలుంచుట నేర్పినయెడల వైద్యునకును దారి దొరకును. మొదట ఒక్క బొమ్మతోనే ఆరంభింపుడు. ఆమె త్రాగు గ్లాసు ఛాయాచిత్రమే మేలు. దానిని ముట్టిన తక్షణమే నీరీయవలెను. బొమ్మలకు అలవాటుపడినచో మాటలు రావను భయము నిరాధారము.

మన దేశమున 2011 జనాభా లెక్కలలో 15 లక్షలకు పైగా మేధోవైకల్యము గలవారుగా నమోదైరి. సికిందరాబాదు మనోవికాసనగరమున 1984లో నెలకొన్న జాతీయ సంస్థ ఇట్టి పిల్లల వయస్సునుబట్టి బోధన సామగ్రి పెట్టెలను రూపొందించినది. 1981లో ఆరంభమైన కేంద్ర ప్రభుత్వ 'ఆడిప్' పథకము క్రింద, ఆదాయ పరిమితికి లోబడి, ఇట్టి పెట్టెలును వినికిడి యంత్రములును లభించును. 40 శాతమునకు తగ్గని వైకల్యమును తెలుపు ధ్రువపత్రము, ఆదాయ పత్రము వెంట ఉండవలెను.

పెట్టె చేతికందినంతమాత్రమున పని తీరదు. పాడగునను భయముతో దానిని అటకపై దాచువారు కలరు! ఎట్లు వాడవలెనో శిబిరములోనే చేసి చూపుమని అడుగుడు. అడుగుట మీ హక్కు. నేర్చినదానిని బడిలో ఉపాధ్యాయునకు కూడ తెలుపుడు. వినికిడి యంత్రమునకమర్చు అచ్చు మాత్రము ఎల్లకాలము సరిపోదు. బిడ్డతోపాటు చెవియు పెరుగును. యంత్రము ఈలవేయుచున్నచో అచ్చు వదులైనదేమో చూపించి, క్రొత్తది చేయించుకొనుడు.