ఎర్ర ఇటుకల పురమందిరం ఎవరిది?

పేరు ఇంగ్లండు రాణిది. పునాదిరాయి వేసింది విజయనగరం మహారాజు. పేరు తెచ్చిపెట్టింది నాటకాలవాళ్లు, వక్తలు, తొలి సినిమావాళ్లు. చెన్నై విక్టోరియా పబ్లిక్ హాలు కథ ఇది.

చెన్నై సెంట్రల్ స్టేషన్ దాటి పూనమల్లి హైరోడ్డు వెంట నాలుగడుగులు వేస్తే రెండు పాత భవనాలు పక్కపక్కనే కనిపిస్తాయి. తెల్లగా మెరిసేది రిప్పన్ బిల్డింగ్. 1913 నుంచీ అది నగరపాలక సంస్థ కార్యాలయం. దాని పక్కన ఎర్ర ఇటుకల గోడలతో, చదరపు బురుజుతో ఉన్నది విక్టోరియా పబ్లిక్ హాలు, అంటే ఒకనాటి మద్రాసు టౌన్ హాలు. అధికారులు రోజూ కూర్చునే భవనానికి ఆలనాపాలనా తప్పలేదు. జనం కోసం కట్టిన భవనం మాత్రం జనం రాక తగ్గాక దశాబ్దాలపాటు పాడుపడింది. 2023లో సుమారు 32 కోట్ల రూపాయల అంచనాతో దాని పునరుద్ధరణ మొదలయ్యాక, దాన్ని ఏమని తలచుకుని కాపాడుకోవాలన్న ప్రశ్న మళ్లీ ముందుకొచ్చింది. ఇది వలస పాలన మిగిల్చిపోయిన గుర్తు కాదనీ, పౌరులు చందాలు పోగుచేసి కట్టుకున్న సభాస్థలి అనీ ఈ వ్యాసం వాదన. కాబట్టి గోడలకు మరమ్మతు చేసి ఊరుకుంటే సగం పనే అయినట్టు. సభలూ నాటకాలూ మళ్లీ జరిగితేనే పని పూర్తవుతుంది.

చందాలతో లేచిన గోడలు

మద్రాసుకు ఒక టౌన్ హాలు ఉండాలని 1882 మార్చిలో నగర పెద్దలు పచ్చయప్ప హాలులో కూడి తీర్మానించుకున్నారు. కమిటీ వేసుకుని చందాలకు బయల్దేరారు. తిరువాన్కూరు, మైసూరు మహారాజులు, పుదుక్కోట రాజా, ఎట్టయపురం జమీందారు వంటివారు విరాళాలిచ్చారు. 1883 డిసెంబరు 17న విజయనగరం మహారాజు పూసపాటి ఆనంద గజపతిరాజు శంకుస్థాపన చేశారు. పీపుల్స్ పార్కులో కొంత స్థలాన్ని నగరపాలక సంస్థ 99 ఏళ్ల లీజుకిచ్చింది. విక్టోరియా రాణి స్వర్ణోత్సవం వచ్చింది 1887లో. హాలుకు ఆమె పేరు పెట్టాలని 1888 జనవరిలో నిర్ణయించారు. అప్పటికి శంకుస్థాపన జరిగి నాలుగేళ్లు దాటింది. కట్టడం పని చేయించిన కంట్రాక్టరు తాటికొండ నంబెరుమాళ్ చెట్టి తెలుగు వైశ్య కుటుంబీకుడు. అంటే ఆలోచన, డబ్బు, పనితనం ఇక్కడివే. రాణి పేరు ఆ తర్వాత వచ్చి చేరింది.

నమూనా గీసింది మాత్రం ఇంగ్లీషువాడే, రాబర్ట్ ఫెలోస్ చిజమ్. మద్రాసు విశ్వవిద్యాలయం సెనేట్ హౌస్, తిరువనంతపురం నేపియర్ మ్యూజియం కూడా ఆయన రూపకల్పనే. నేపియర్ మ్యూజియం కట్టేటప్పుడు కేరళ వడ్రంగుల పనితనాన్ని దగ్గర్నుంచి చూసిన మనిషి. ఆ ఛాయ ఈ హాలు బురుజు మీద స్పష్టంగా కనిపిస్తుంది. కింది నుంచి పైదాకా ఇటలీ పద్ధతిలో నిటారుగా లేచిన బురుజుకు తలమీద మాత్రం తిరువాన్కూరు ఇళ్ల వాలు కప్పు. గోడలు సున్నం గచ్చుతో కట్టిన ఇటుకలవి. కింది అంతస్తు చుట్టూ కమానుల వసారా. పై అంచున టెర్రకోట పట్టీ మీద ముస్లిం కట్టడాల అక్షర శిల్పాన్ని తలపించే నగిషీ. లోపల కిందొకటి, పైనొకటి రెండు హాళ్లు. ఒక్కోదాంట్లో ఆరువందల మంది పడతారు. పై హాలులో చెక్క గ్యాలరీ కూడా ఉంది. వేదిక ఎదుట జనం కూర్చుని వినడానికి, చూడడానికి చేసిన ఏర్పాటు ఇదంతా.

వేదిక ఎక్కిన తెలుగు

ఆ ఏర్పాటును జనం ఎలా వాడుకున్నారన్నదే అసలు సాక్ష్యం. బళ్లారి నుంచి ధర్మవరం రామకృష్ణమాచార్యులు సరస వినోదినీ సభను వెంటబెట్టుకుని 1891లో ఇక్కడికొచ్చి తెలుగు నాటకాలాడారు. అప్పటిదాకా తమిళ నాటకాలంటే చిన్నచూపు ఉన్న పమ్మల్ సంబంధ ముదలియారు అనే యువకుడు అవి చూసి మనసు మార్చుకున్నాడు. అదే ఏడాది మిత్రులతో కలిసి సుగుణ విలాస సభ స్థాపించాడు. ఆధునిక తమిళ రంగస్థలానికి పునాది వేసిన ఆ సభ చాలా ఏళ్లు ఈ హాలులోనే ప్రదర్శనలిచ్చింది. మద్రాసులో తొలి సినిమా ప్రదర్శన 1896లో ఇక్కడే జరిగింది. 1897 ఫిబ్రవరిలో వివేకానందుడు ఇదే వేదిక మీది నుంచి ప్రసంగించారు. 1910 ప్రాంతంలో మచిలీపట్నంవారైన రఘుపతి వెంకయ్య క్రోనోమెగాఫోన్ అనే సినిమా ప్రదర్శన యంత్రం కొని తొలి ఆట ఇక్కడే వేశారు. ఆంధ్ర నాటక పితామహుడనీ, తెలుగు సినిమా పితామహుడనీ మనం చెప్పుకునే ధర్మవరం, వెంకయ్య ఇద్దరికీ ఈ హాలు రంగస్థలమైంది. ఈ సంగతి తెలుగు పాఠ్యపుస్తకాల్లో చోటు చేసుకోవాల్సినది.

మూడు అభ్యంతరాలు

చందాలిచ్చింది రాజులూ జమీందార్లే కదా, సామాన్యుడికి ఇందులో వాటా ఎక్కడిదని ఒకరు అడగవచ్చు. సబబైన ప్రశ్నే. మొదట్లో ఇది పలుకుబడి గలవారి హాలే. కానీ నాటకం టిక్కెట్టు, సినిమా టిక్కెట్టు అమ్మకానికొచ్చిన చోట ద్వారం మెల్లగా వెడల్పవుతుంది. ఈ ఆలోచన మద్రాసుకే పరిమితం కాదు కూడా. 1890లో కందుకూరి వీరేశలింగం సొంత సొమ్ముతో రాజమహేంద్రవరంలో పురమందిరం కట్టించారు. సంస్కరణ గురించి నలుగురిలో వాదించాలంటే నలుగురూ కూర్చునే చోటు కావాలని ఆయనకు తెలుసు. రెండో అభ్యంతరం పేరు గురించి. పేరు మార్చాలా వద్దా అన్నది నగరవాసులు తేల్చుకోవలసిన విషయం. అయితే ఆ పేరు చూసి భవనాన్నే పరాయిదనుకుంటే దాన్ని కట్టుకున్నవారి కష్టాన్ని మనమే చెరిపేసినట్టవుతుంది.

మూడోది అన్నిటికన్నా బలమైనది. నూట ముప్పయ్యేళ్లు దాటిన ఇటుక, చెక్క కట్టడం జనం తాకిడిని తట్టుకోదు, పక్కనే మెట్రో సొరంగం ఉంది, అందుకని మ్యూజియం చేసి అద్దాల వెనక దాచడమే క్షేమమంటారు. ప్రదర్శనశాల ఉంటే మంచిదే. కానీ ఈ భవనం చరిత్ర వేరే పాఠం చెబుతోంది. 99 ఏళ్ల లీజు గడువు 1980ల మధ్యలో ముగిసింది. తర్వాత వివాదాలు కోర్టులకెక్కాయి, ఆవరణ చిక్కుల్లో పడింది. జనం తాకిడే లేని ఆ కాలంలోనే హాలు ఎక్కువగా శిథిలమైంది. తలుపులు మూసిన సున్నపు కట్టడంలో చెమ్మ నిలుస్తుంది. గోడ పగులులో రావి మొక్క వేరుపోసుకున్నా చూసే కన్ను ఉండదు. వారానికి నాలుగు సభలు జరిగే చోట కప్పు కారితే మర్నాడే ఫిర్యాదు వెళుతుంది. అద్దె వస్తే మరమ్మతుకు డబ్బూ ఉంటుంది. ఎంతమందిని రానివ్వాలో ఇంజనీర్లు లెక్కగట్టవచ్చు. గ్యాలరీ బరువుకు పరిమితి పెట్టవచ్చు. అగ్నిమాపక ఏర్పాట్లు బిగించవచ్చు. ఇవన్నీ వాడకాన్ని పద్ధతిలో పెట్టే మార్గాలు. వాడకం మానేయడానికి సాకులు కాకూడదు.

చేయాల్సింది స్పష్టంగానే ఉంది. కళాసంఘాలకూ విద్యార్థులకూ అందుబాటు అద్దెకు సాయంత్రాలు హాలు ఇవ్వాలి. బుకింగు పట్టికను అందరూ చూసేలా ఉంచాలి. తమిళంతో పాటు తెలుగు నాటకానికీ ఏటా కొన్ని రోజులు కేటాయించాలి. బళ్లారి బృందం తెలుగులో ఆడిన నాటకం తమిళ రంగస్థలానికి ఊపిరిపోసిన వేదిక అది. ఆ ఇచ్చిపుచ్చుకోవడాన్ని కొనసాగించే బాధ్యత చెన్నైలోని తెలుగు సంస్థల మీదా, మన రెండు రాష్ట్రాల నాటక సమాజాల మీదా కూడా ఉంది. ప్రభుత్వం గోడలు నిలబెట్టగలదు. కుర్చీలు నింపాల్సింది మనమే.