మీకు తెలుసా? బొంతలో పావు అంగుళం లెక్క
అమెరికాలో అతుకుల బొంతలు కుట్టేవాళ్లు నేటికీ వెతికి కొనుక్కునే పాత మిషన్ సింగర్ 221. 1933లో వచ్చిన ఈ కరెంటు మిషన్ అల్యూమినియంతో చేసింది. బరువు సుమారు 5 కిలోలే. ‘ఫెదర్‌వెయిట్’ అనే పేరు అందుకే. వేసేది తిన్నని కుట్టు ఒక్కటే, ముక్కలు అతకడానికి కావలసిందీ అదే.

ముక్కలు ముందే కత్తిరించి ఇచ్చే కిట్లున్నా, కుట్టు మాత్రం అంచుకు సరిగ్గా పావు అంగుళం లోపల పడాలి. అప్పుడే రెండున్నర అంగుళాల చదరం బొంతలో రెండు అంగుళాలుగా తేలుతుంది. ప్రతి కుట్టూ అంగుళంలో 16వ వంతు ఎక్కువ లోపలికి పోతే, 8 ముక్కల వరుస ముప్పాతిక అంగుళానికి పైగా కురచవుతుంది. పాత చీరలు పరిచి చేత్తో కుట్టే మన బొంతకు ఈ బెడద లేదు. మిషన్ మీద కుట్టేవాళ్లు సూదికి పావు అంగుళం దూరంలో టేపు అంటించి, గుడ్డ అంచును దాని వెంటే నడిపిస్తారు.