ఉప్పు, గ్లూకోజు, నీరు - బిడ్డ ప్రాణం

వానాకాలంలో కొల్లేటి లంకల నుంచి నీళ్ల విరేచనాలతో వడలిన పసిబిడ్డలను తెస్తుంటారు. "మంచినీళ్లు పడుతూనే ఉన్నామమ్మా" అంటారు తల్లులు. నీరొక్కటే చాలదు, విరేచనాల్లో ఉప్పు కూడా పోతుంది. పేగు గోడలోంచి గ్లూకోజు, సోడియం జంటగా లోపలికి వెళ్తాయి, వాటి వెంట నీరూ వెళ్తుంది. ఓ.ఆర్.ఎస్. చేసే పని ఇదే. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరంలో డాక్టర్ దిలీప్ మహలనోబిస్ దీనితోనే ఎన్నో ప్రాణాలు నిలిపారు.

లీటరు ప్యాకెట్‌లో ఉప్పు 2.6 గ్రాములు, గ్లూకోజు 13.5 గ్రాములు ఉంటాయి. ఈ కొలతే మందు. అందుకే గ్లాసులో చిటికెడు పొడి కలపకండి. ప్యాకెట్ మీద రాసినన్ని నీళ్లు కాచి చల్లార్చి, పొడి మొత్తం కలపండి. చెంచాతో కొద్దికొద్దిగా పట్టండి. 24 గంటలు దాటితే పారబోయండి. తల్లిపాలు మానకండి. కళ్లు గుంటపడినా, బిడ్డ మత్తుగా ఉన్నా, రక్తం పడినా వెంటనే ఆస్పత్రికి తీసుకురండి.