స్టాండర్డ్ హెరాల్డ్

స్టాండర్డ్ హెరాల్డ్ 1961 నుండి మద్రాసులో తయారైన ఒక చిన్న కారు. దీనిని స్టాండర్డ్ మోటార్ ప్రొడక్ట్స్ ఆఫ్ ఇండియా అనే సంస్థ ఉత్పత్తి చేసినది. దీనికి మూలం బ్రిటనులోని ట్రయంఫ్ హెరాల్డ్. అంబాసిడర్, ఫియట్ కార్లు రాజ్యమేలిన ఆ రోజుల్లో, సామాన్యమైన ఇంజనుతోనే స్పోర్ట్స్ కారు పోలికలు చూపిన వాహనంగా ఇది ప్రత్యేకత పొందినది.

చరిత్ర

కావెంట్రీ నగరానికి చెందిన స్టాండర్డ్-ట్రయంఫ్ సంస్థ 1959 ఏప్రిల్‌లో హెరాల్డ్‌ను విడుదల చేసినది. దీని రూపకర్త ఇటలీ దేశస్థుడైన జొవాన్ని మికెలొట్టి. అప్పటికి చాలా కార్లలో చాసిస్, బాడీ రెండూ కలిపి ఒకే నిర్మాణంగా చేసేవారు. అటువంటి బాడీలు తయారుచేసి ఇచ్చే కంపెనీ పోటీ సంస్థ చేతికి పోవడం వలన, హెరాల్డ్‌కు విడిగా చాసిస్ చేసి, దానిపై బాడీ భాగాలను బోల్టులతో బిగించే పద్ధతిని అనుసరించారు.

ఈ ఇబ్బందే తరువాత లాభంగా మారినది. పైభాగాన్ని మార్చి సెలూను, కూపే, పైకప్పు తెరిచే కారు, ఎస్టేటు వంటి రకాలను తక్కువ ఖర్చుతో చేయగలిగారు. కూపే అనగా రెండు తలుపులు, పొట్టి పైకప్పు గల కారు. 1962లో వచ్చిన స్పిట్‌ఫైర్ అనే చవక స్పోర్ట్స్ కారుకు కూడా హెరాల్డ్ చాసిస్సే ఆధారం.

ప్రత్యేకతలు

మద్రాసులో తయారైన హెరాల్డ్ సెలూను రకానికి చెందినది. అయితే దీనికి కూడా కూపే వలె రెండే తలుపులు ఉండేవి. ఇంజను సామర్థ్యం 948 సి.సి. సుమారు 7.6 మీటర్ల వ్యాసంలోనే పూర్తిగా తిరగగలగడం వలన ఇరుకు వీధులలో నడపడం సులభం. బానెట్టు, ముందు చక్రాల మీది మడ్గార్డులతో సహా ముందుకు తెరుచుకునేది. మెకానిక్కు ఇంజనును మూడు వైపుల నుండి అందుకోగలిగేవాడు.

లోపాలు, మార్పులు

వెనుక సీటులోకి వెళ్ళడానికి ముందు సీటును వంచవలసి ఉండేది. వృద్ధులకు, చీర కట్టుకున్న స్త్రీలకు ఇది కష్టమైన పని. పోటీగా ఉన్న అంబాసిడర్, ఫియట్ రెండింటికీ నాలుగేసి తలుపులు ఉండేవి. అందువలన 1960ల చివరలో భారతదేశం కొరకు ప్రత్యేకంగా నాలుగు తలుపుల హెరాల్డ్ తయారైనది. బ్రిటనులో ఇటువంటి హెరాల్డ్ ఉత్పత్తి కాలేదు.

వెనుక చక్రాలు విడివిడిగా కదిలే ఇరుసు అమరికను చాలామంది కొనుగోలుదారులు, మెకానిక్కులు నమ్మలేదు. 1970ల ఆరంభంలో హెరాల్డ్ స్థానంలో వచ్చిన స్టాండర్డ్ గజెల్‌కు మామూలు గట్టి ఇరుసునే అమర్చారు. ఆ విధంగా రెండు తలుపుల సొగసుకారు క్రమంగా కుటుంబానికి తగిన కారుగా మారినది. సంస్థ 1985లో స్టాండర్డ్ 2000 అనే పెద్ద కారును విడుదల చేసినా అది విజయవంతం కాలేదు. 1980ల చివరలో కార్ల ఉత్పత్తి నిలిచిపోయినది.