అణువుల అల్లిక

డబ్బా మూత సరిగా పెట్టకపోతే కర్పూరం కొన్నాళ్ళకు మాయమవుతుంది. బట్టల పెట్టెలో వేసిన నాఫ్తలీను కలరా ఉండ నెలలు గడిచేసరికి చిక్కి సగమవుతుంది. కలకండ ముక్క మాత్రం ఏడాది గడిచినా తరగదు. మూడూ కర్బన పదార్థాలే. మరి ఈ తేడా ఎక్కడిది?

అణువు లోపల పరమాణువులు గట్టి బంధాలతో కలిసి ఉంటాయి. అణువుకూ అణువుకూ నడుమ ఉండేది మాత్రం బలహీనమైన ఆకర్షణే. నాఫ్తలీనులో ఈ ఆకర్షణ స్వల్పం. అందువల్ల పైపొరలోని అణువులు ఒక్కొక్కటే విడివడి గాలిలో కలుస్తాయి. చక్కెర అణువు సంగతి వేరు. దానిలోని హైడ్రోజన్ పొరుగు అణువులోని ఆక్సిజన్ వైపు ఆకర్షింపబడుతుంది. దీనినే హైడ్రోజన్ బంధం అంటారు. మామూలు బంధపు బలంలో దీనికి పదోవంతైనా ఉండదు. అయితే నులక పోగు సన్ననిదైనా, అల్లిక కుదిరితే మంచం మనిషిని మోస్తుంది కదా! కలకండ స్ఫటికాన్ని నిలిపేది అటువంటి అల్లికే.

స్ఫటికంలో అణువులు క్రమమైన వరుసలలో ఉంటాయి. కంటికి కనిపించని ఈ వరుసలను తెలుసుకొనే మార్గాన్ని ఎక్స్-కిరణాలు చూపాయి. 1912లో జర్మనీ శాస్త్రవేత్త మాక్స్ ఫాన్ లావే ఆలోచన ప్రకారం ఈ కిరణాలను స్ఫటికం గుండా పంపగా, ఫొటో పలకపై చుక్కలు ఏర్పడ్డాయి. ఆ చుక్కలనుబట్టి లోపలి అమరికను లెక్కగట్టే పద్ధతిని ఇంగ్లండులో బ్రాగ్ తండ్రీకొడుకులు రూపొందించి, 1915లో నోబెల్ బహుమతి పొందారు. మన దేశంలో కేదారేశ్వర్ బెనర్జీ 1930లలోనే నాఫ్తలీను స్ఫటిక నిర్మాణాన్ని పరిశోధించాడు.

ఈ అమరిక ఒక్కొక్కసారి ప్రాణాలకు సంబంధించిన విషయమవుతుంది. ఎయిడ్స్ రోగులకు ఇచ్చే రిటోనవిర్ అనే మందు 1996లో అమెరికాలో గుళికల రూపంలో వచ్చింది. 1998లో కొన్ని గుళికలు కరగవలసినంతగా కరగడంలేదని పరీక్షలలో తేలింది. కరగని మందు రక్తంలో చేరదు. అందులో కల్తీ ఏమీ లేదు. పరమాణువులు అవే, వాటిమధ్య బంధాలూ అవే. అణువు కాస్త మెలితిరిగి, పొరుగు అణువులతో మరింత గట్టిగా అల్లుకొని కొత్త స్ఫటికమైంది. పాలకు తోడుచుక్కలాగా, కొత్త స్ఫటికపు నలుసు సోకిన చోటల్లా పాత రూపాన్ని తయారుచేయడం కష్టమైంది. గుళికల అమ్మకం ఆగింది. రోగులు రుచి సహింపరాని ద్రవమందుతో సరిపెట్టుకోవలసి వచ్చింది. 1999లో వచ్చిన కొత్త గుళికలను చల్లని చోట భద్రపరచవలసి వచ్చేది. ఆ అవసరంలేని బిళ్ళ 2010లో గాని రాలేదు.

అందుకే మందులు తయారుచేసేవారు నేడు అణువును కనుగొనడంతో ఆగరు. అది ఎన్ని విధాల స్ఫటికాలు కాగలదో ముందుగానే పరీక్షిస్తారు. కావలసిన గుణాలు వచ్చేటట్లు అణువులను పేర్చే శాస్త్రానికి స్ఫటిక ఇంజనీరింగు అని పేరు. హైదరాబాదు విశ్వవిద్యాలయంలోనూ, తరువాత బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థలోనూ పనిచేసిన గౌతమ్ దేశిరాజు ఈ శాస్త్రంపై 1989లో రచించిన గ్రంథం ప్రపంచ ప్రసిద్ధి పొందింది. మరీ బలహీనమైన హైడ్రోజన్ బంధాలు కూడా స్ఫటికపు అమరికను నిర్ణయించగలవని ఆయన పరిశోధనలు చూపాయి.

పదార్థపు గుణం దానిలో ఏమున్నదనే దానిపైనే ఆధారపడదు. ఉన్నవి ఒకదానినొకటి ఎలా పట్టుకొని ఉన్నాయనే దానిపైన కూడా ఆధారపడుతుంది.