ఏడు వారాల ప్రయోగశాల

ఏప్రిల్ ఆఖరి వారంలో బడికి తాళం పడితే మళ్లీ తెరిచేది జూన్ రెండో వారంలోనే. లెక్క వేసి చూడండి, ఇంచుమించు 7 వారాలు. ఇన్ని రోజులు ఏం చేయాలి అని అడిగితే ఇంట్లో పెద్దలు చెప్పే జవాబు సాధారణంగా ఒక్కటే: వచ్చే ఏడాది పాఠాలు ఇప్పుడే చదువుకో. ఎవరో ఒకరు పై తరగతి గైడు కూడా తెచ్చిపెడతారు. నాకు మాత్రం ఈ పద్ధతి నచ్చదు. ముందుగా సగం సగం చదివేసిన పాఠం జూన్‌లో కొత్తగానూ ఉండదు, పూర్తిగా వచ్చినట్టూ ఉండదు.

సెలవుల్లో తప్ప మరెప్పుడూ కుదరని చదువు ఒకటుంది. బడిలో పీరియడు అంటే మహా అయితే 45 నిమిషాలు. అందుకే ఆ 45 నిమిషాల్లో ముగిసే ప్రయోగాలే మన పుస్తకాల్లో ఎక్కువగా కనిపిస్తాయి. లిట్మస్ కాగితం రంగు మారడానికి క్షణం చాలు. కాని మధ్యాహ్నపు నీడ ఉత్తరం నుంచి దక్షిణానికి మళ్లాలంటే వారాలు పడుతుంది. మామిడి టెంక మొలవడానికి రెండు మూడు వారాలు కావాలి. బావి నీరు ఎంత దిగిందో తెలియాలంటే వేసవి అంతా చూడాలి. ఇలాంటి వాటికి ఏ బడిలోనూ పీరియడు లేదు. మీకు ఉంది.

దీనికి కావలసిన ముఖ్యమైన పరికరం ఒక నోటుబుక్కు. రోజుకు ఒక పేజీ చొప్పున తేదీలు ముందే వేసి పెట్టుకోండి. ఏ పని రోజూ చేయాలి, ఏది ఫలానా తేదీకే చేయాలి, ఏది వాన పడేదాకా ఆగాలి అన్నది మొదటి పేజీలోనే రాసుకోండి. ప్రణాళిక అంటే ఇంతే. గంటకో పని చొప్పున గీతలు గీసి గోడకు అంటించిన టైంటేబుల్ మూడో రోజుకే గోడ మీద మిగిలిపోతుంది. లెక్కలు మరచిపోతారేమోనని భయమైతే పొద్దున్నే చల్లటి పూట అరగంట కేటాయించండి. అయితే ఒకే అధ్యాయాన్ని ఒకే రోజు రుబ్బకండి. నాలుగు రోజులకోసారి మళ్లీ దాని దగ్గరికి రండి. ఇలా ఎడం ఇచ్చి చదివినదే ఎక్కువ కాలం గుర్తుంటుందని ఎబ్బింగ్‌హాస్ అనే జర్మన్ శాస్త్రవేత్త తన మీద తానే ప్రయోగాలు చేసుకుని 1885లోనే చూపించాడు.

నీడ మాయమయ్యే రోజు

మిట్టమధ్యాహ్నం సూర్యుడు నడినెత్తిన ఉంటాడని అందరూ అంటారు. నిజంగా ఉంటాడా? మన ప్రాంతంలో ఏడాదికి రెండే రెండు రోజులు ఉంటాడు. అందులో మొదటిది సరిగ్గా మీ సెలవుల్లోనే వస్తుంది!

డాబా మీదో వాకిట్లోనో చదునైన చోటు చూసుకోండి. కాసిన్ని నీళ్లు పోస్తే అవి ఏ పక్కకూ పారకుండా నిలవాలి. ఒక డబ్బాలో ఇసుక దట్టించి, నేల నుంచి సరిగ్గా 100 సెంటీమీటర్ల ఎత్తు వచ్చేలా ఒక తిన్నని కర్ర నాటండి. దారానికి రాయి కట్టి పక్కన వేలాడదీస్తే కర్ర నిట్టనిలువుగా ఉందో లేదో తెలుస్తుంది. పదకొండుంబావు నుంచి పన్నెండున్నర దాకా ఐదు నిమిషాలకోసారి నీడ కొన దగ్గర సుద్దముక్కతో గుర్తు పెట్టండి. అన్నిటికంటే పొట్టి నీడ ఎప్పుడు పడిందో అదే మీ ఊరి అసలు మధ్యాహ్నం. ఒక రోజు ఇలా చేసి ఆ వేళ తెలుసుకుంటే, తరువాత వారానికి రెండు సార్లు ఆ వేళకు వెళ్లి ఒక్క కొలత తీసుకుంటే చాలు. నెత్తిన తుండుగుడ్డ వేసుకుని వెళ్లండి. నీడనే చూడండి, సూర్యుణ్ణి నేరుగా ఎన్నడూ చూడకండి.

హైదరాబాదులో ఉన్నవారికి పొట్టి నీడ 12 గంటలకు రాదు. మే నెలలో 12 గంటల 12 నిమిషాల ప్రాంతంలో వస్తుంది. గడియారం తప్పు కాదు. మన దేశపు గడియారాలన్నీ 82½ డిగ్రీల తూర్పు రేఖాంశాన్ని బట్టి నడుస్తాయి. ఆ రేఖ మన కాకినాడకు దగ్గరగా పోతుంది. భూమి ఒక డిగ్రీ తిరగడానికి 4 నిమిషాలు పడుతుంది. హైదరాబాదు ఆ రేఖకు 4 డిగ్రీలు పడమరగా ఉంది కాబట్టి అక్కడ మధ్యాహ్నం 16 నిమిషాలు ఆలస్యం కావాలి. అయితే భూకక్ష్య కచ్చితమైన వృత్తం కాకపోవడం వల్లా, భూమి అక్షం ఒరిగి ఉండటం వల్లా మే నెలలో సూర్యుడు గడియారం కన్నా మూడున్నర నిమిషాలు ముందుంటాడు. అందుకని మిగిలింది 12 నిమిషాలు. విశాఖపట్నం వారికి 12 కొట్టకముందే మధ్యాహ్నం అయిపోతుంది.

ఇప్పుడు నీడ సంగతి. ఏప్రిల్ 24న హైదరాబాదులో 100 సెంటీమీటర్ల కర్రకు మధ్యాహ్నపు నీడ 8 సెంటీమీటర్లు, ఉత్తరం వైపు. రోజు రోజుకూ అది కుంచించుకుపోయి మే 9 ప్రాంతంలో పూర్తిగా మాయమవుతుంది. నిలబెట్టిన సీసా, లోటా, స్తంభం, దేనికీ పక్కన నీడ ఉండదు. ఆ తరువాత మళ్లీ నీడ పుడుతుంది, కాని ఈసారి దక్షిణం వైపు! బడి తెరిచే నాటికి దక్షిణాన 10 సెంటీమీటర్ల దాకా ఉంటుంది. నీడ మాయమయ్యే తేదీ ఊరి అక్షాంశాన్ని బట్టి మారుతుంది. తిరుపతిలో ఏప్రిల్ 26 ప్రాంతంలో, విజయవాడలో మే 6, 7 తేదీలలో, ఆదిలాబాదులో మే 18 దాపున. ఢిల్లీలో ఉన్న మీ బాబాయి పిల్లలకు ఈ భాగ్యం ఏనాడూ లేదు. కర్కటరేఖకు ఉత్తరాన సూర్యుడు నడినెత్తికి రానే రాడు.

సెలవుల్లో అమ్మమ్మ గారి ఊరు వెళ్లే అలవాటు ఇక్కడ బాగా పనికొస్తుంది. ఒకరు ఆదిలాబాదులో, ఇంకొకరు తిరుపతిలో ఉన్నారనుకోండి. ఫోనులో మాట్లాడుకుని ఒకే రోజు, ఎవరి మధ్యాహ్నానికి వారు నీడ కొలవండి. మే 9న అయితే ఆదిలాబాదులో నీడ ఉత్తరానికి 4.2 సెంటీమీటర్లు, తిరుపతిలో దక్షిణానికి 6.5 సెంటీమీటర్లు రావాలి. కర్ర 100 సెంటీమీటర్లు అయినప్పుడు ఇలాంటి చిన్న నీడల్లో 1.75 సెంటీమీటర్లకు ఒక డిగ్రీ చొప్పున లెక్క కట్టవచ్చు. అంటే 2.4 డిగ్రీలు, 3.7 డిగ్రీలు. ఒకటి ఉత్తరం, ఒకటి దక్షిణం కాబట్టి కూడాలి: 6.1 డిగ్రీలు. అట్లాసులో స్కేలు పెట్టి చూస్తే రెండు ఊళ్ల మధ్య తిన్నగా సుమారు 670 కిలోమీటర్లు. 6.1 డిగ్రీలకు 670 అయితే 360 డిగ్రీలకు ఎంత? 39,500 పైచిలుకు వస్తుంది. భూమి అసలు చుట్టుకొలత సుమారు 40,000 కిలోమీటర్లు. రెండు కర్రలతో, ఒక అట్లాసుతో భూమిని కొలిచేశారు మీరు. రెండు వేల రెండు వందల ఏళ్ల కిందట ఈజిప్టులో ఎరటోస్తనీస్ చేసింది ఇదే. మీకు 38,000 వచ్చినా, 42,000 వచ్చినా సిగ్గుపడనక్కరలేదు. వచ్చిన అంకెనే రాయండి. పుస్తకంలోది చూసి దిద్దిన కొలత కొలతే కాదు.

కుండలో నీళ్లు, ఒంటి మీద చెమట

వేసవి రాగానే కొత్త కుండ కొంటాం. ఇంట్లో పెద్దవాళ్లు కుండ కింద ఇసుక పోసి తడిపి పెడతారు. కుండ గోడలోని సన్నని రంధ్రాల గుండా నీరు పైకి ఊరి ఆవిరవుతుందని మీకు తెలుసు. ఎంత ఆవిరవుతుంది? రాత్రి కుండను అంచు దాకా నింపి మూత పెట్టండి. ఎవరినీ తీసుకోవద్దని చెప్పండి. తెల్లవారి మళ్లీ అంచు దాకా నిండటానికి ఎన్ని నీళ్లు పట్టాయో కొలత గ్లాసుతో చూడండి. పక్కనే ఒక స్టీలు బిందె, రెండేళ్ల నాటి పాత కుండ కూడా ఇలాగే పెట్టి పోల్చండి. పాత కుండ ఎందుకు వెనకబడుతుందో, నీళ్లలోని సున్నపు లవణాల గురించి ఆలోచిస్తే మీకే తడుతుంది.

చిన్న లెక్క. 10 లీటర్ల నీరు 10 డిగ్రీలు చల్లబడాలంటే లక్ష కేలరీల వేడి బయటికి పోవాలి. ఒక గ్రాము నీరు ఆ వేడిలో ఆవిరి కావడానికి సుమారు 580 కేలరీలు తీసుకుంటుంది. లక్షను 580తో భాగిస్తే 172 గ్రాములు. ఒక చిన్న గ్లాసెడు నీళ్లు ఆవిరైతే కుండెడు నీళ్లు చల్లబడతాయన్నమాట! మీ కొలతలో ఇంతకంటే ఎక్కువే వస్తుంది. కుండ చల్లబడుతున్నంతసేపూ చుట్టూ ఉన్న గాలి దాన్ని మళ్లీ వేడెక్కిస్తూనే ఉంటుంది కదా.

ఈ కుండ అనంతపురంలో బాగా చల్లబడుతుంది, మచిలీపట్నంలో అంతగా చల్లబడదు. కారణం తెలుసుకోవడానికి బడి మూసే ముందే మీ సైన్సు మాస్టారిని అడిగి ఒక ప్రయోగశాల థర్మామీటరు తెచ్చుకోండి. జ్వరం చూసేది పనికిరాదు. మధ్యాహ్నం రెండున్నరకు నీడలో గాలి ఉష్ణోగ్రత చూసి రాయండి. తరువాత బల్బుకు తడి గుడ్డ చుట్టి, ఐదు నిమిషాలు విసనకర్రతో విసిరి మళ్లీ చూడండి. పొడిగాలి వీచే చోట మొదటి అంకె 40 ఉంటే రెండోది 22, 23 దాకా దిగిపోవచ్చు. సముద్రం దగ్గర ఉక్కపోత రోజున మొదటిది 36 మాత్రమే ఉన్నా రెండోది 29 దగ్గరే ఆగిపోవచ్చు. అక్కడి గాలిలో నీటి ఆవిరి ఇప్పటికే నిండుగా ఉంది, కొత్త తేమను అది త్వరగా పీల్చుకోలేదు.

ఇందులో కుండ కన్నా పెద్ద విషయం ఉంది. మన శరీరమూ ఒక కుండే. చెమట ఆవిరైతేనే ఒళ్లు చల్లబడుతుంది. కారిపోయిన చెమట వల్ల లాభం లేదు, ఒంట్లో నీరూ ఉప్పూ పోవడమే మిగులుతుంది. మన చర్మం ఉష్ణోగ్రత సుమారు 35 డిగ్రీలు. తడి థర్మామీటరు అంకె దాని వైపు పెరిగేకొద్దీ చెమట చేతులెత్తేస్తుంది. ఎండలో శ్రమ చేసేవారికి అంతకు చాలా ముందే ప్రమాదం మొదలవుతుంది. 2015 మే నెలలో ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లో వడగాడ్పులకు వెయ్యి మందికి పైగా చనిపోయారు. కాబట్టి వార్తల్లో 36 డిగ్రీలే అన్నారని మీ నాన్నగారు మధ్యాహ్నం పొలానికో, కూలి పనికో బయలుదేరితే, మీ నోటుబుక్కులోని రెండో అంకె ఆయనకు చూపించండి. సెలవుల్లో పెద్దలతో పాటు పనికి వెళ్లే పిల్లలూ మీలో ఉన్నారు. వారికి ఇది మరీ అవసరం.

ఎండన పడి నీరసించినవారికి లీటరు కాచి చల్లార్చిన నీటిలో ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి కొద్దికొద్దిగా తాగించాలి. చెంచా అంటే టీ చెంచా, అంచుతో సమంగా కొలవాలి. ఒళ్లు కాలిపోతూ మాట తడబడుతుంటే అది వడదెబ్బ. వెంటనే 108కి ఫోను చేసి, నీడకు చేర్చి, బట్టలు వదులు చేసి, ఒళ్లంతా తడిపి విసరాలి. స్పృహ లేనివారి నోట్లో నీళ్లు పోయకూడదు. తడిపి విసరడం ఎందుకో మీకు ఇక చెప్పనక్కరలేదు.

టెంకలు, తాడు, సీసా

వరి, కంది గింజలను బాగా ఎండబెట్టి దాచుకుని మరుసటి ఏడు విత్తుతాం. మామిడిని అలా దాచగలమా? ఒకే రకం పండ్ల టెంకలు 15 పోగు చేయండి. రసాలైతే తిన్న పేరూ ఉంటుంది, టెంకా దక్కుతుంది. ఐదింటిని తిన్న రోజే కడిగి మట్టిలో నాటండి. ఐదింటిని పది రోజులు, మిగతా ఐదింటిని నెల రోజులు ఎండబెట్టి నాటండి. నీళ్లు మాత్రం అన్నిటికీ ఒకేలా పోయాలి. ఏ గుంపులో ఎన్ని మొలిచాయో చూస్తే, తొలకరి ముందు పండి రాలే ఈ చెట్టు తన గింజను దాచుకునేందుకు కాక వెంటనే మొలిచేందుకు తయారు చేసుకుందని అర్థమవుతుంది. ఆఖరి గుంపును సెలవులు మొదలైన వెంటనే ఎండబెట్టడం మొదలుపెట్టకపోతే ఫలితం చూసే లోపు బడి తెరుస్తారు.

మీ వీధిలో బావి ఉంటే తాడు చివర రాయి కట్టి దించి, నీటిని తాకిన చోట తాడుకు ముడి వేయండి. ఆదివారానికి ఒక ముడి. ఒరకు ఆనుకుని వంగకండి, పెద్దవారు ఒకరు పక్కన ఉండాలి. మే నెలంతా ముడులు కిందికే పోతాయి. జూన్ మొదట్లో నైరుతి రుతుపవనం కేరళను తాకిందని విన్నప్పుడు ఒక నిలువు సీసాను పై భాగం కోయించి, అడుగున గుంట, వంపు లేకుండా సిమెంటుతో చదును చేసి ఆరుబయట పెట్టండి. అందులో 10 మిల్లీమీటర్ల నీరు నిలిచిందంటే మీ వాకిట్లో ప్రతి చదరపు మీటరుకూ 10 లీటర్ల వాన పడిందన్నమాట. మీ డాబా వైశాల్యంతో గుణించి ఎన్ని బిందెల నీరు కాలువలో కలిసిందో ఇంట్లో చెప్పండి, పెద్దలు వింటారు.

మొదటి వాన పడిన మర్నాడే బావిలో నీరు పెరుగుతుందని చూస్తే నిరాశ తప్పదు. ఎండిన నేల ముందు తన దాహం తీర్చుకుంటుంది. నీటిమట్టం పైకి కదలడానికి మరికొన్ని వారాలు పట్టవచ్చు. అందువల్ల బడి తెరిచినా ఆదివారపు ముడి మానకండి. డాబా మీది కర్రను కూడా అప్పుడే పీకేయకండి. తిరుగు ప్రయాణంలో సూర్యుడు మళ్లీ మన నెత్తి మీదుగానే పోతాడు. ఆదిలాబాదులో జూలై 25 ప్రాంతంలో, హైదరాబాదులో ఆగస్టు 3, 4 తేదీల్లో, తిరుపతిలో ఆగస్టు 16 దాపున నీడ రెండోసారి మాయమవుతుంది. మబ్బు లేకపోతే ఈసారి బడి ఆవరణలోనే, తరగతంతా కలిసి చూడవచ్చు.