ముఖం మీది మచ్చ, నికాహ్ తేదీ

అమ్మాయికి సంబంధం కుదిరే వేళకు ఇంటిల్లిపాది చూపు ఒక్కసారిగా ఆమె చెంప మీది మచ్చపై పడుతుంది. పదేళ్ళుగా ఎవరికీ పట్టని మొటిమల గుంటలు, చిన్ననాడు మరిగే పాలు ఒలికి ఏర్పడిన గుర్తు, ఆటలమ్మ మిగిల్చిన లొత్తలు నికాహ్ తేదీ దగ్గరపడగానే అత్యవసర సమస్యలైపోతాయి. అబ్బాయి ముఖం మీద అవే గుంటలున్నా ఎవరూ లెక్కచేయరు. ఆ అన్యాయాన్ని అలా ఉంచితే, ఈ తొందర వల్ల ఎన్నో కుటుంబాలు డబ్బునూ, కొన్నిసార్లు ఉన్న ముఖవర్చస్సునూ కోల్పోతున్నాయి. కొత్తగా ఏర్పడిన మచ్చ మెత్తబడి, ఎరుపు తగ్గి, ఒక స్థిరరూపానికి రావడానికి 6 నుండి 12 నెలలు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పడుతుంది. శస్త్రచికిత్సతో మచ్చను సరిదిద్దేటప్పుడు వైద్యులు సాధారణంగా అంతకాలం ఆగేది అందుకే.

ముందుగా చాలామంది మనసులో మెదిలే సందేహం: అల్లాహ్ ఇచ్చిన ముఖాన్ని మార్చడం ధర్మసమ్మతమేనా? హజ్రత్ అర్ఫజా బిన్ అస్అద్ (రజి) ఉదంతం ఇక్కడ దారి చూపుతుంది. ఇస్లాంకు పూర్వం కులాబ్ యుద్ధంలో ఆయన ముక్కు తెగిపోయింది. వెండి ముక్కు అమర్చుకుంటే దుర్వాసన రాసాగింది. బంగారు ముక్కు పెట్టుకోమని దైవప్రవక్త (స) ఆయనకు అనుమతించారు. పురుషులకు బంగారం నిషిద్ధమైనా, దెబ్బతిన్న అవయవం విషయంలో ఈ వెసులుబాటు లభించింది. గాయం, కాలిన గుర్తు, వ్యాధి మిగిల్చిన వికృతి సరిచేసుకోవడాన్ని ధర్మవేత్తలు చికిత్సగానే పరిగణిస్తారు. ఏ లోపమూ లేని ముఖాన్ని కేవలం సోకు కోసం కోయించుకోవడం వేరే సంగతి. చిత్రమేమిటంటే మన దేశపు జి.ఎస్.టి. నిబంధనలు సైతం ఇంచుమించు ఇదే గీత గీశాయి. సౌందర్య శస్త్రచికిత్సకు పన్ను మినహాయింపు లేదు. గాయం వల్లనో పుట్టుకతోనో ఏర్పడిన లోపాన్ని సరిదిద్దే చికిత్సకు ఉంది. బిల్లు చెల్లించేముందు ఈ సంగతి అడగడం మరవకండి.

ఇక మచ్చ విషయానికి వద్దాం. మొటిమ తగ్గిన చోట మిగిలే నల్లని గుర్తు చాలాసార్లు నిజమైన మచ్చే కాదు. అది వాపు తర్వాత చర్మంలో నిలిచిపోయిన రంగు. మొటిమలను అదుపు చేసి, గిల్లడం మాని, ఎండ తగలకుండా ఎస్.పి.ఎఫ్. 30 లేదా అంతకు మించిన క్రీము వాడుతూ ఉంటే కొన్ని నెలల్లో దానంతట అదే పలచబడుతుంది. దీనికోసం లేజర్ దాకా పరుగెత్తనవసరం లేదు. ముఖంపై కొత్త మొటిమలు వస్తూనే ఉండగా పాత గుంటలకు చికిత్స మొదలుపెట్టడం కూడా చిల్లు మూయకుండా కుండలో నీరు పోయడమే.

గుంటలన్నీ ఒకే రకం కావు. సూదితో పొడిచినట్లు సన్నగా, లోతుగా ఉండేవి కొన్ని. అంచులు నిటారుగా ఉండేవి కొన్ని. చర్మాన్ని లోపలినుండి ఎవరో లాగిపట్టినట్లు అలలుగా కనిపించేవి మరికొన్ని. మొదటి రకానికి గాఢమైన ట్రైక్లోరోఎసిటిక్ ఆమ్లాన్ని ఒక్కో గుంట అడుగున మాత్రమే తాకించే పద్ధతి ఉంది. చివరి రకంలో చర్మం కింద సూది పోనిచ్చి, లాగిపట్టిన పోగులను తెంచుతారు. దీన్ని సబ్‌సిషన్ అంటారు. మైక్రోనీడ్లింగ్, ఫ్రాక్షనల్ లేజర్ వంటివి చర్మంలో సూక్ష్మమైన గాయాలు చేసి కొత్త కొల్లాజెన్ పుట్టేలా చేస్తాయి. అది నెలల తరబడి సాగే ప్రక్రియ కనుక ఫలితం వెంటనే కనిపించదు, ఒక్క విడతతో సరిపోదు. మన చాయ చర్మాలకు లేజర్ తర్వాత నల్లబడే ప్రమాదం తెల్లచర్మం వారికన్నా ఎక్కువ. ఇంకో సంగతి, మచ్చ తగ్గుతుంది కానీ తుడిచిపెట్టుకు పోదు. పూర్తిగా మాయం చేస్తామన్న చోటినుండి లేచి వచ్చేయడం మంచిది.

ఉబ్బెత్తుగా పెరిగే మచ్చల కథ వేరు. గాయం హద్దుల్లోనే ఉండేవి కొంత నయం. హద్దు దాటి పాకే కీలాయిడ్లు మొండివి. చెవులు కుట్టించిన చోట, దవడ అంచున ఇవి తరచు కనిపిస్తాయి. ఊరికే కోసి తీసేస్తే మళ్ళీ, కొన్నిసార్లు మునుపటికన్నా పెద్దగా పెరుగుతాయి. కొన్ని వారాలకొకసారి మచ్చలోకే ఇచ్చే స్టెరాయిడ్ ఇంజక్షన్లు, సిలికాన్ పట్టీలు, అతిశీతల చికిత్స కలిపి వాడతారు. సిలికాన్ పట్టీని రోజులో సగానికి పైగా, నెలల తరబడి ఉంచాలి. వుజూ వేళ తీసి మళ్ళీ పెట్టుకోవచ్చు. లేజర్ చేయించుకున్న తొలి రోజుల్లో నీరు తగలవచ్చో లేదో వైద్యుణ్ణి అడగండి. హాని అని ఆయన చెబితే షరీఅత్‌లో వెసులుబాటు ఉండనే ఉంది, దాని వివరం ఆలిమ్‌ను అడిగి తెలుసుకోవచ్చు.

అసలు భయపడవలసింది మందుల దుకాణంలో చీటీ లేకుండా దొరికే గొట్టాలను చూసి. బెటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ వంటి స్టెరాయిడ్లు కలిసిన క్రీములు వాడిన వారంలోనే ముఖం తెల్లగా, నున్నగా మెరుస్తుంది. పక్కింటి ఆపా మెచ్చుకుంటుంది. నెలలు గడిచేసరికి చర్మం పలచబడి, ఎర్రని నరాలు తేలి, మొటిమలు విజృంభించి, అవాంఛిత రోమాలు మొలుస్తాయి. ఆపితే మంట, వాడితే హాని. చర్మంపై పూసే స్టెరాయిడ్లను వైద్యుని చీటీ లేనిదే అమ్మరాదని 2018లో కేంద్ర ప్రభుత్వం నియమం బిగించినా, చేతులు మారే గొట్టాలు ఆగలేదు. నిమ్మరసం పూసుకుని ఎండలోకి వెళ్ళడమూ కాలిన మచ్చలు తెచ్చిపెట్టగలదు.

చికిత్స చేసేవారు చర్మవ్యాధుల్లో ఎం.డి. చదివారా, ప్లాస్టిక్ సర్జరీలో ఎం.సి.హెచ్. ఉందా అన్నది విచారించండి. మెరిసే గది, తెల్ల కోటు అర్హతలు కావు. ఎన్ని విడతలో, మొత్తం ఖర్చెంతో ముందే రాయించుకోండి. మొటిమలకు ఐసోట్రెటినోయిన్ మాత్రలు వాడుతున్నా, ఇటీవల వాడినా దాచకండి. ఆ మాత్రలు గర్భస్థ శిశువుకు తీవ్ర హాని చేస్తాయి కనుక నికాహ్ దగ్గర్లో ఉన్న అమ్మాయి విషయంలో ఇది మరీ ముఖ్యం. చికిత్సకు ముందూ తర్వాతా తీసే ఫొటోలు వైద్య రికార్డుకే పరిమితం కావాలనీ, ప్రచారానికి వాడరాదనీ సమ్మతి పత్రం మీదే రాయవచ్చు. అలా రాసే హక్కు మన ఆడపిల్లలకు ఉంది.

కాలిన గాయాలకు మాత్రం ఓపిక పనికిరాని ఘట్టాలున్నాయి. కాలిన వెంటనే 20 నిమిషాలు పారే చల్లని నీరు పోయాలి. టూత్‌పేస్టు, ఇంకు, మంచు వద్దు. మానే దశలో కనురెప్ప కిందికి లాగబడి కన్ను మూతపడకపోయినా, నోరు సరిగా తెరుచుకోకపోయినా మచ్చ ముదిరేదాకా ఆగరాదు. చూపే పోయే ప్రమాదముంది. హైదరాబాదులో ఉస్మానియా, గాంధీ ఆసుపత్రులలో ప్లాస్టిక్ సర్జరీ విభాగాలున్నాయి. యాసిడ్ దాడి బాధితులకు ప్రైవేటు ఆసుపత్రి కూడా ఉచితంగా వైద్యం చేయవలసిందేనని సుప్రీంకోర్టు 2015లో స్పష్టం చేసింది. అందులో ముఖాన్ని తిరిగి తీర్చిదిద్దే శస్త్రచికిత్సలూ చేరి ఉన్నాయి. డబ్బు కట్టనిదే చేర్చుకోబోమని ఎవరైనా అంటే ఆ తీర్పును వారి ముందుంచండి.